తాడు పట్టినవాడి ఊపిరి

పైకి రావడం గురించి

ఉద్యోగంలో ఎలా పైకి రావాలో తెలుసుకుందామని ఇది చదవబోతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నా ఉద్యోగంలో పైకి రావడమంటే చెరువు అడుగునుంచి పైకి రావడమే. ఆ లెక్కన నా అంతగా పైకొచ్చినవాడు మా ఆఫీసులో ఇంకొకడు లేడు. ఒకే రోజున ముప్పైసార్లు పైకొచ్చిన సందర్భాలున్నాయి. జీతం మాత్రం ఎప్పుడూ నీటిమట్టం దాటలేదు.

నేను చెరువు తూములకు మునిగేవాణ్ణి. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో పందొమ్మిదివందల నలభైల చివర మా నాయన వెంట మొదలుపెట్టాను. తూము చూడని పట్నం పిల్లలకోసం ఒక మాట. చెరువుకట్ట కిందుగా పొలాలకు పోయే రాతి కాలువకు చెరువు లోపలివైపున ఒక నోరుంటుంది. ఆ నోటికి కొయ్య బిరడా. బిరడా ఎత్తితే నీళ్ళు పారతాయి, దించితే ఆగుతాయి. ఎత్తడానికి దించడానికి పైదాకా ఒక పొడుగాటి కోల. ఆ కోల విరిగినా, బిరడా బిగుసుకుపోయినా, నోటి దగ్గర తుమ్మకంపలు పేరుకున్నా, ఒక మనిషి కిందికి పోయి చేత్తో సరిచెయ్యాలి. ఆ మనిషిని నేను.

ఈమధ్య సోమశిల వైపు పనికొచ్చిన కుర్రవాళ్ళు కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళు వీపున గాలిసీసాలు కట్టుకొని మునుగుతారు. వాళ్ళలో సీసాను తొందరగా ఖాళీ చేసేవాణ్ణి ఇంజను అంటారట. నీళ్ళలో దిగినప్పటినుంచి చేతిగడియారం చూసుకుంటూ ఉండేవాణ్ణి స్టేషను మాస్టరు అంటారట. విని నేను నవ్వితే, మీ కాలంలో మీరేమనుకునేవాళ్ళో రాసిపెట్టండి తాతా అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. పోయేముందు ఒకడు, మర్యాదగానే, "అప్పట్లో అంతా మోటు పద్ధతి గదా" అన్నాడు.

ఆ మాట మింగుడు పడలేదు. చెరువునీళ్ళు బోలెడు మింగినవాణ్ణి, ఇది మాత్రం దిగలేదు. అందుకని రాస్తున్నాను.

మాలో మాకుండే పేర్లు

ఆఫీసు పుస్తకంలో మేము కూలీలం. ఊళ్ళవాళ్ళకు గజ ఈతగాళ్ళం. మాలో మాకు వేరే పేర్లుండేవి. ఒక్కటీ పొగడ్త కాదు.

దిగబోయేముందు చలి ఆగడానికి ఒంటికి ఆముదం పూసుకుంటాం. కొందరు చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో, ఒక పొద్దంతా పూసుకుంటారు. అటువంటివాడు పెండ్లికొడుకు. "పెండ్లికొడుకు ముస్తాబు అయినాదా, ముహూర్తం దాటిపోతా ఉండాది" అని కట్టమీంచి కేక వేసేవాళ్ళు. అంచున ఒంటికాలిమీద నిలబడి, రెండోకాలి బొటనవేలు ముంచి తీసి ముంచి తీసి ఎండెక్కేదాకా ఆలోచించేవాడు కొంగ. ఎంత గింజుకున్నా కిందికి పోలేక నడుము పైకి తేలేవాడు సొరబుర్ర. ఈత నేర్చుకునే పిల్లల వీపున కట్టే ఎండు సొరకాయ గుర్తుంటే ఎందుకో ఇంకా చెప్పక్కర్లేదు. అడుగు తాకీ తాకకుండా పైకి తన్నుకొచ్చేస్తే అది జమాబందీ మునక, పెద్ద అధికారులు మన ఊళ్ళు చూసిపోయే తీరులో. అడుగున చెయ్యి పెట్టకుండానే పైకొచ్చి "మూడు కంపలు, ఒక బండ, బండ పక్కన జానెడు గుంట" అని గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పేవాడు కరణం. పొలం గట్టు ఎక్కకుండా కొలతలు రాసే కరణాలున్న రోజులవి. ఎక్కినవాళ్ళు నన్ను క్షమించాలి.

నన్ను రేడియో అనేవాళ్ళు. మునిగింది మొదలు తేలేదాకా బుడగలు వదులుతూనే ఉంటానని. ఊపిరి పట్టినవాడికి బుడగంత దుబారా ఇంకోటి లేదు. ఎన్నిసార్లు తిట్టినా నాకా అలవాటు పోలేదు. నీళ్ళలోనే నోరు మూసుకోలేనివాడు ఒడ్డున ఏం మూసుకుంటాడని మా ఇంటావిడ అనేది.

కట్టమీద గొడుగు కింద నిలబడి ఎట్లా మునగాలో మాకు చెప్పే అధికారి గట్టు గజం. మేము నీళ్ళలో ఏనుగులమైతే ఆయన గట్టుమీద ఏనుగు.

ఇదంతా ఎగతాళి అనుకోకండి. కొంగ అనిపించుకున్నవాడు ఆ పొద్దు ఎందుకు దిగలేదో మేము అడిగేవాళ్ళం కాదు. నవ్వేసి ఇంకొకణ్ణి దించేవాళ్ళం. భయపడినావురా అని ముఖాన అంటే మనిషి పౌరుషానికి దిగి పోతాడు. కొంగా అంటే నవ్వుతూ ఒడ్డున ఉంటాడు. మా పనిలో ఎగతాళికి ఉన్న ఉపయోగం అది.

పైముక్కు

ఇక అసలు పద్ధతి. మునిగేవాడి నడుముకు తాడు. తాడు రెండోకొస కట్టమీద ఒక మనిషి చేతిలో. మేము మునిగిన క్షణాన ఆ కట్టమీది మనిషి కూడా ఊపిరి బిగబట్టాలి. తనకు ఇక ఆగదనిపించగానే తాడు లాగాలి. గడియారం లేదు, అంకెలు లెక్కపెట్టడం లేదు. నియమమంతా ఇంతే. అతన్ని మేము పైముక్కు అనేవాళ్ళం. కింద మాకు ముక్కు పనిచెయ్యదు గనక పైన ఒకటి పెట్టుకున్నామని.

కిందివాడే తాడు గుంజి సైగ చెయ్యొచ్చు గదా అని మీరడుగుతారు. చేస్తాం. సైగ చేసేవాడు బాగున్నవాడు. ఇరుక్కున్నవాడికి చేతులుండవు.

ఈ పద్ధతిలో ఒక కిటుకుంది. పైముక్కు ఊపిరి కిందివాడి ఊపిరికంటే పొట్టిదిగా ఉండాలి. కండలున్నవాడు కాదు, బక్క ఊపిరివాడు కావాలి. మా నాయన నాకు ఈత నేర్పకముందే ఈ సంగతి నేర్పాడు.

మా నాయనకు పైముక్కు కలువాయి వైపు మనిషి, పేరు మస్తాన్. నాకు మామ వరస పెట్టారు. బీడీలు తాగి తాగి దగ్గేవాడు. నిలబడితే తాడుకంటే మనిషే సన్నగా కనిపించేవాడు. మా నాయన మోకాళ్ళు పట్టేసి ఇంట్లో కూర్చున్నాక తాడుతోపాటు మస్తాన్ మామ కూడా నాకు వచ్చాడు. ఆయనకు పొలం లేదు, ఇంకో పని రాదు. తాడు పట్టిన రోజునే ఇంట్లో పొయ్యి వెలిగేది.

నేను చేసిన తప్పు

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తలో మాకొక ఓవర్సీరు వచ్చాడు. చదువుకున్నవాడు, చెయ్యి చాపేవాడు కాదు, చెడ్డవాడు అసలే కాదు. ఆత్మకూరుకూ ఉదయగిరికీ నడుమ ఒక చెరువులో తూము బిగుసుకుపోతే మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. ఆ చెరువు పేరు రాయను. ఆ ఊళ్ళో ఇప్పటికీ నాకు మజ్జిగ ఇస్తున్నారు, దాన్ని పోగొట్టుకోలేను.

వరి పొట్టమీద ఉంది. అయిదు రోజులుగా నీళ్ళు లేవు. కోల విరిగింది, బిరడా పక్కకు ఒరిగి బిగుసుకుంది, దానిచుట్టూ కంపలు. కిందికి పోయి బిరడా మెడకు లావాటి మోకు కట్టి రావాలి, తర్వాత పైనుంచి ఇరవైమంది లాగుతారు.

ఓవర్సీరు మస్తాన్ మామను చూశాడు. అప్పుడే ఒక దగ్గు తెర వచ్చి మామ కట్టమీద వంగిపోయి ఉన్నాడు.

"ఈయన చేతికి తాడు ఎవరిచ్చారు? ఈయన్ను పట్టుకోడానికే ఒకరు కావాలి. బలమైనవాడు ఎవరూ లేరా?"

ఉన్నాడు. సంగం వైపునుంచి వచ్చిన చెన్నయ్య. పెన్నలో వరదప్పుడు ఈది అవతలికి పోయి వచ్చేవాడు. ఎంతసేపు మునిగినా తొందరపడనివాడని తాబేలు అని పేరు. ఓవర్సీరు తాడు చెన్నయ్యకిచ్చి, మస్తాన్ మామను రేపటినుంచి రావద్దన్నాడు. గట్టుమీంచి చూసే ఎవరికైనా ఆ పని సబబుగానే కనిపిస్తుంది. ఆయన్ను నేను తప్పుపట్టను.

తప్పు నాది. చెన్నయ్య ఊపిరి నాకంటే పొడుగని నాకు తెలుసు. కానీ అంతకు నెల ముందునుంచి, నేనూ చెన్నయ్యా సరిసమానమని అందరిదగ్గరా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు అడ్డుచెప్పాలంటే నా ఊపిరి పొట్టిదని పదిమంది ముందర ఒప్పుకోవాలి. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

మస్తాన్ మామ నా ముఖం చూశాడు. "పోనీలే అబ్బయ్యా. నాకూ ఇంటికాడ పనుండాది" అన్నాడు. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున పని మొదలైంది. మస్తాన్ మామ ఇంటికి పోలేదు. దూరంగా కట్టమీద ఒక తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు, చేతిలో బీడీతో.

రెండు నిలువుల లోతు. బురదనీళ్ళలో కళ్ళు పనిచెయ్యవు, అంతా చేతులతో చూడటమే. మొదటి రెండు మునకల్లో బిరడా దొరికింది. మూడో మునకలో మోకు కొసను బిరడా మెడ వెనకనుంచి తిప్పబోయాను. ఎడమచెయ్యి మోచేతిదాకా కంపల్లోకి పోయింది. ఒరిగిన బిరడా పక్కన సన్నగా నీరు ఈడ్చుకుంటోంది. ఆ ఈడ్పుకు ఒక పెద్ద కంప అడ్డం తిరిగి చెయ్యిని రాతికేసి నొక్కేసింది. కుడిచేతిలో మోకు చుట్టుకుపోయి ఉంది.

ఇప్పుడు లాగుతాడులే అనుకున్నాను. లాగలేదు. ఇప్పుడు లాగుతాడు అనుకున్నాను. నా బుడగలు అయిపోయాయి. అటువంటప్పుడు దేవుడు గుర్తొస్తాడని అంటారు. నాకు మాత్రం బీడీ వాసన గుర్తొచ్చింది. మామ అయితే ఈపాటికి లాగేసి దగ్గుతూ ఉండేవాడు గదా అనిపించింది.

అప్పుడు నడుము తెగిపోయేటట్టు ఒక ఈడ్పు. చెయ్యి తోలు కొంత కిందే ఉండిపోయింది. ఎడమ చెవిలో ఏదో టప్పున తెగింది. పైకొచ్చి కళ్ళు తెరిస్తే తాడు మస్తాన్ మామ చేతుల్లో ఉంది. చెన్నయ్య పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. మామ తుమ్మచెట్టు దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చి, అంత మనిషినీ తోసేసి, తాడు లాక్కున్నాడట.

చెన్నయ్య లేచి నా దగ్గరకొచ్చి ఏడుపు ముఖంతో అన్నాడు: "నాకింకా శానా ఊపిరుండాదే అన్నా. నాకుండాది గదా, నీగ్గూడా ఉంటాదిలే అనుకున్నా. నువ్వే గదన్నా మనిద్దరం సమానమంటివి."

నియమం అతను తూచా తప్పకుండా పాటించాడు. నా గొప్పను నమ్మాడు, అంతే.

"నీకెట్లా తెలిసింది మామా" అని అడిగాను.

"ఏముండాది. నువ్వు మునిగినావు, నేనూ బిగబట్టినాను. అలవాటు గదా. నాకు ఆగలా. ఈడు చూస్తే బొమ్మమాదిరి నిలబడుండాడు." ఆ తర్వాత దగ్గు అందుకుంది.

పనిలో లేనివాణ్ణి ఆరోజు కట్టమీద ఊపిరి పట్టమని ఎవరూ చెప్పలేదు.

కట్టమీద

ఓవర్సీరు గొడుగు మూసి దగ్గరికొచ్చాడు. నా చెయ్యి చూశాడు. "పనిలోంచి తీసేసిన మనిషి తాడెందుకు ముట్టుకున్నట్టు? మోటుగా లాగి చెయ్యంతా చెక్కేశాడు. ఇతన్ని కట్ట దిగి పొమ్మనండి."

ఆయన కళ్ళకు జరిగింది అదే. కిందేం జరిగిందో చెప్పాను. నమ్మలేదు. చెన్నయ్య చెప్పాడు. స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడనుకున్నాడు. మామ అప్పటికే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఎవరు పొమ్మన్నా పోవడానికి ఆయన ఎప్పుడూ సిద్ధమే.

"ఆయన కట్ట దిగితే నేను నీళ్ళలో దిగను సారు" అన్నాను.

"అయితే నువ్వూ పనిలోంచి పోతావు."

"పోతాను. బిరడా మాత్రం ఆడనే ఉంటాది."

అక్కడే కట్టమీద కూర్చున్నాను. చెన్నయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిగతా ఇద్దరు మునిగేవాళ్ళు, ఒక పెండ్లికొడుకు, ఒక సొరబుర్ర, వాళ్ళూ కూర్చున్నారు. మా జన్మలో మేము అంతసేపు పొడిగా ఉన్నది అప్పుడే.

ఓవర్సీరును ఎదిరించడం తేలిక. రైతుల్ని ఎదిరించడం కాదు. మధ్యాహ్నానికి ఊరంతా కట్టమీదికి వచ్చింది. రత్తమ్మ అని ఒక పెద్దావిడ, ఒంటరిగా రెండెకరాల మడి చేసుకునేది, కొంగు నడుముకు చెక్కి నా ఎదుట నిలబడింది.

"ఏందిరా మీ ఊపిర్ల పంచాయితీ? ఆడ నా మడి నెర్రెలిస్తా ఉండాది. పొట్టమీదుండే పైరు. దానికీ ఊపిరే గదా పోయేది?"

ఆమె చెప్పింది నిజం. ఇంకో పొద్దు దాటితే ఆమెకు ఆ ఏడు తిండిగింజలుండవు. నేను దిగితే మస్తాన్ మామకు ఉండవు. దిగి మళ్ళీ ఇరుక్కుంటే నేనే ఉండను. చెయ్యి ముందుకు చాపి చూపించాను. "దిగతా అవ్వా. తాడు ఆయన పడితే ఇప్పుడే దిగతా. ఇది లాగినందుకు పోయిన తోలు కాదు. లాగకపోయుంటే నేను పొయ్యుందును."

రత్తమ్మ చెయ్యి పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. కంపముళ్ళు ఇంకా లోపలున్నాయి. ఒకటి గోటితో పీకింది. తర్వాత ఓవర్సీరు వైపు తిరిగింది. "అయ్యా, ఆ దగ్గోణ్ణే పట్టనీ సామీ. దగ్గు తాడుకంటుకోదులే."

జనం నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. నవ్వినచోట అధికారి వెనక్కి తగ్గడు. అది నాకు తెలుసు. అందుకని ఆయనకు ఒక దారి చూపించాలనిపించింది. పొగరు కూడా కొంత ఉందని ఒప్పుకుంటాను.

"సారు, మీరే పట్టండి తాడు. మీమీద నాకు నమ్మకముండాది. మా పద్ధతి ప్రకారం పట్టండి, చాలు. నేను మునిగితే మీరూ బిగబట్టాల. ఆగకపోతే లాగాల."

కాదంటే భయపడినట్టు. ఆయన బూట్లు విప్పి, పంట్లాం మడిచి, తాడు తీసుకున్నాడు.

మునిగాను. చెయ్యి బిరడాకు తగలకముందే లాగేశాడు. రెండోసారి మునిగాను. బిరడా తగిలింది, లాగేశాడు. పైకొచ్చి చూస్తే ఆయన బుగ్గలు ఉబ్బి, కళ్ళు నీళ్ళు తిరిగి ఉన్నాయి. జనం నవ్వుతున్నా ఆయన వినడం లేదు. నీళ్ళవైపే చూస్తున్నాడు. మూడోసారి ఎక్కువసేపు పట్టాడు, మోకు ఒక చుట్టు తిప్పగలిగాను. ఆ తర్వాత వచ్చిన ఈడ్పు మాత్రం మస్తాన్ మామ ఈడ్పంత గట్టిగా ఉంది. పైకి తేలేసరికి ఓవర్సీరు కట్టమీద మోకాళ్ళమీద కూర్చొని దగ్గుతున్నాడు, ఆగకుండా, రెండుచేతులా తాడు పట్టుకొనే.

ఎవరూ నవ్వలేదు. మామ వెళ్ళి ఆయన వీపు నిమిరాడు.

దగ్గు తగ్గాక ఓవర్సీరు అడిగాడు, నన్ను కాదు, మామను. "కింద ఉన్నవాడు కనిపించడు గదా. లాగితే పని చెడుతుందేమో, లాగకపోతే మనిషి పోతాడేమో. దినమంతా ఎట్లా పడతావు?"

"ముందు మనకు ఆగాల గదయ్యా" అన్నాడు మామ. "మనకు ఆగకపోతే వానిక్కూడా ఆగదనుకోవాల. అంతకుమించి నాకు తెలీదు."

ఓవర్సీరు తాడు ఆయన చేతిలో పెట్టి గొడుగు తీసుకోకుండానే కొంచెం దూరంగా పోయి నిలబడ్డాడు. ఇంకో రెండు మునకల్లో మోకు ముడి పడింది. ఇరవైమంది లాగారు. బిరడా పెరికినప్పుడు వచ్చిన శబ్దం నాకు కుడిచెవితోనే వినిపించింది. ఎడమది అప్పటినుంచి సెలవులో ఉంది. తర్వాత వచ్చిన అధికారుల్లో నచ్చనివాళ్ళను ఆ పక్కన నిలబెట్టుకునేవాణ్ణి.

ఆ ఓవర్సీరు మాకు క్షమాపణ చెప్పలేదు, మేమూ ఎదురుచూడలేదు. ఆయన బదిలీ అయ్యేదాకా పైముక్కును ఎన్నుకునే పని మునిగేవాడికే వదిలేశాడు. నా సర్వీసులో చూసిన అధికారుల్లో ఆయన్ను పై వరసలోనే పెడతాను. తప్పు చెయ్యని అధికారి నాకు తగల్లేదు, తాడు పట్టి చూసినవాడు ఈయనొక్కడే తగిలాడు.

ఆ తర్వాత

మస్తాన్ మామ ఇంకా చాలా ఏళ్ళు నా తాడు పట్టాడు. బీడీలు మానలేదు. దగ్గు ముదిరింది. ఆయన ఊపిరి ఏటికేడాది పొట్టిదవుతూ వచ్చింది. మొదట్లో నేను కింద రెండు కంపలు తీసేవరకు ఆగేవాడు. తర్వాత ఒకటి. చివరికి నా చెయ్యి తూము రాయిని తాకగానే నడుము దగ్గర తాడు బిగిసేది.

తోటివాళ్ళు మెల్లగా చెప్పి చూశారు. చెన్నయ్య కూడా చెప్పాడు. "ముసిలాయన్ను ఇంటికాడ కూర్చోబెట్టన్నా, మనందరం తలా ఇంత ఇద్దాం." ఇస్తే మామ తీసుకోడు. అడిగితే తువ్వాలు దులుపుకొని ఇంటికాడ పనుండాది అంటాడు.

అందుకని నేనే పని మార్చుకున్నాను. కంపను ఒక మునకలో తడిమి, రెండో మునకలో కదిలించి, మూడో మునకలో తీసేవాణ్ణి. ఒక ముడికి నాలుగు మునకలు. లోపల నాకింకా సగం ఊపిరి మిగిలే ఉండేది. పైకి తేలగానే మామ దగ్గు మధ్యలో అడిగేవాడు, "పనైందా అబ్బయ్యా?" "అయితా ఉండాది మామా" అనేవాణ్ణి. బుడగలు మానేశానేమిటని ఎవరో అడిగారు. వదిలేంత సేపు లోపల ఉంటే గదా.

ఒకరోజు ఉదయగిరి దగ్గర ఒక చెరువులో పని చూడ్డానికి కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. పొద్దుటినుంచి నిలబడి నా మునకలన్నీ చూశాడు. సాయంత్రం పిలిచాడు.

"మిగతావాళ్ళు పది మునకల్లో చేసే పనికి నీకు ముప్పై ఎందుకు పడుతున్నాయి?"

మస్తాన్ మామ నా పక్కనే తడితాడు చుట్టుకుంటున్నాడు. చుట్టే చేతులు ఆగిపోయాయి. చెన్నయ్య, ఇంకా ఆరుగురు మునిగేవాళ్ళు, కట్టకింద పొలాల్లోని ఆడవాళ్ళు, అందరూ వినేటంత దగ్గరలోనే ఉన్నారు.

"నా ఊపిరి అంతే సారు" అన్నాను.